నాన్న మోకాలు, 800 బ్రేకు

2025 మే 4, ఆదివారం

రాయచోటిలో పెళ్లి చూసుకుని, గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొనుక్కుని, కడప వైపు ఘాట్ దిగుతున్నాం. మా 1998 మారుతి 800లో ఐదుగురం. డిక్కీ నిండా సామాను. మధ్యాహ్నం రెండు గంటల ఎండ. బండి నాన్న నడుపుతున్నాడు. ఒక మలుపు దాటాక "బ్రేకు మెత్తగా ఉందిరా" అన్నాడు, ఇడ్లీ మెత్తగా ఉందన్నంత మామూలుగా. తర్వాతి మలుపుకు పెడల్ అడుగంటింది.

నాన్న కంగారుపడలేదు. పెడల్‌ను గబగబా నాలుగైదుసార్లు తొక్కాడు, గేరు మూడులో వేసి రెండుకు లాగాడు, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా ఎత్తుతూ కొండ వైపు అంచుకు చేర్చి ఆపాడు. వెనక సీటులో అత్త నిద్ర లేచి "కోవా మరిచిపోయామా?" అంది. ముందు చక్రాల నుంచి కాలిన వాసన. నలభై నిమిషాలు చెట్టు కింద కూర్చున్నాక పెడల్ మళ్లీ మామూలుగా గట్టిపడింది. రెండో గేరులో, ఎద్దుల బండి వేగంతో ఇల్లు చేరాం.

చల్లారితే తిరిగి వచ్చిన బ్రేకంటే విరిగింది, చిరిగింది ఏమీ ఉండకపోవచ్చు. లోపల ఆయిల్ మరిగి ఉండాలి. రేపు చూడాలి.

మే 5

బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశాను. డికాక్షన్ రంగు. చివరిసారి ఎప్పుడు మార్చామో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పాత బిల్లుల్లో వెతికితే 2019 నాటి కాగితం దొరికింది.

ఇక్కడ కొంచెం లెక్క రాసుకోవాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు 3.7 శాతం చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కైతే కొత్తలో 230, నీరు చేరాక 155. మరిగితే పైపులో ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. అప్పుడు పెడల్ ఎంత తొక్కినా ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది.

ఆ వేడి ఎక్కడిదన్నది రెండో లెక్క. మనుషులు, సామానుతో కలిపి బండి సుమారు వెయ్యి కిలోలు. అది వంద మీటర్ల ఎత్తు నుంచి బ్రేకు మీదే దిగితే పుట్టే వేడితో 30 డిగ్రీల నీళ్లు మూడు లీటర్లకు పైగా మరుగుకు వస్తాయి. మా ముందు డిస్కులు రెండూ అన్నం పళ్లెమంత. దాన్లో ఎక్కువ భాగం అవే మోయాలి.

ఇంత రాశాక నిన్నటి చప్పుడు గుర్తొచ్చింది. నాన్న గేరు వేసిన క్షణంలో ఇంజిన్ ఒక్కసారిగా మోగింది. అంతవరకూ మోగలేదు. రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

"నాన్నా, ఘాట్‌లో ఇంజిన్ ఆపేశావా?"

"దిగుడులో పెట్రోలు ఎందుకు కాల్చాలి? ఆపి న్యూట్రల్‌లో పెట్టాను. ఇరవై ఏడేళ్లుగా అలాగే దిగుతున్నాను."

తాళం చెవి పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి తీసి ఉంటే స్టీరింగ్ లాక్ కూడా పడేదని నేనంటే, "నాకు తెలియదా?" అని మజ్జిగ పోసుకున్నాడు.

కాబట్టి అసలు దోషాలు రెండు: పాత ఆయిల్, పాత అలవాటు. మొదటిదానికి మూడు వందల రూపాయల డబ్బా చాలు. ఇంతటితో ఈ డైరీ ముగిసిపోవాల్సింది.

ముగియలేదు, ఎందుకంటే నాన్న కుడి మోకాలు. ఆయనకు డెబ్బై ఒకటి. మా బండికి తొక్కుడుకు బలం కలిపే బూస్టర్ లేదు, పెడల్ మీద కాలు వేసిన బలమే బ్రేకు. మోకాలు నొప్పి పుట్టినప్పటి నుంచి ఆయన గట్టిగా తొక్కి వదలడం మానేసి, మెల్లగా చాలాసేపు అదిమి పట్టడం మొదలుపెట్టాడు. నేను పక్క సీటులో కూర్చుని రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను, పట్టించుకోలేదు. అలా అదిమి పడితే డిస్కుకు చల్లారే సందే దొరకదు. బండి అమ్మేద్దామంటే వినడు. నడపడం మానమంటే అసలే వినడు. మిగిలింది బూస్టర్.

మే 11, ఆదివారం

కడపలో మే నెలలో బయట పని అంటే ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా. ఆ తర్వాత స్పానర్ పట్టుకుంటే అట్లకాడ పట్టుకున్నట్టే.

మా వాకిలి కడప బండల పరుపు. బండ గట్టిదేగాని, కింద ఇసుక కుంగిన చోట జాకీ లాంటి మొన బరువు పడితే ఫట్‌మని చీలుతుంది. ఒకటి చీలింది. అమ్మ ఏమీ అనలేదు, చీపురుతో ఆ చీలిక మీద రెండుసార్లు ఊడ్చి వెళ్లింది. తర్వాత మందపాటి చెక్కలు వేసి, వాటి మీద స్టాండ్లు పెట్టాను. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి నేను చేతిని కూడా పోనివ్వను.

విప్పితే కనబడినవి: ముందు డిస్కులను పట్టే ప్యాడ్లు అద్దంలా మెరుస్తున్నాయి, వేడికి గాజుబారాయి. డిస్కుల మందం వర్నియర్‌తో కొలిస్తే వాటి మీద చెక్కిన కనీస కొలత కంటే తక్కువ. లేత్ షాపులో సాపు చేయించే అవకాశం లేదు, కొత్తవే కొనాలి. రబ్బరు హోసులను వంచితే సన్నని పగుళ్లు. వెనక ఎడమ డ్రమ్ములో, బ్రేక్ షూను డ్రమ్ముకు నొక్కే వీల్ సిలిండర్ కారి ఆ షూ తడిసిపోయింది. అంటే వెనక ఎడమ బ్రేకు కొన్ని నెలలుగా ఉత్త అలంకారం. బండి ఒక పక్కకు లాగుతోందని నేను టైర్లను తిట్టుకున్నాను.

డ్రమ్ములోని ధూళిని ఊదలేదు. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. నీళ్లు చిలకరించి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేశాను. మెకానిక్ షెడ్లలో గాలి పైపుతో బుస్సున కొట్టడం చూస్తుంటాం, ఆ పక్కనే టీ తాగుతుంటారు.

అదే చక్రం గాలి తీసే నిపుల్ తుప్పుపట్టి, స్పానర్ వేయగానే తల ఊడి వచ్చింది. సిలిండర్ ఎలాగూ మార్చాల్సిందే గనుక ఏడుపు రాలేదు.

మే 18, ఆదివారం

సామాను చేరింది. బూస్టర్ కోసం మా మెకానిక్ భాయ్‌ను పట్టుకున్నాను. ఈ బండి ఇంటికి వచ్చినప్పటి నుంచి దాని నాడి తెలిసిన మనిషి, ఇప్పుడు చూపు తగ్గి షెడ్డు కొడుక్కు అప్పగించాడు. తుక్కుకు వెళుతున్న ఒక తర్వాతి కాలపు 800 నుంచి బూస్టర్, దాని మాస్టర్ సిలిండర్ (పెడల్ తోపును ఆయిల్ ఒత్తిడిగా మార్చేది), ఇనుప పైపులు, పెడల్ కొక్కెం అన్నీ కలిపి రెండు వేల రెండు వందలకు ఇప్పించాడు. వేరే కంపెనీ భాగాలు తగిలించడం నాకు ఇష్టం లేదు. అదే బండికి తర్వాత వచ్చిన భాగమైతే కొలతలు కలుస్తాయి, రేపు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లినప్పుడు జవాబు చెప్పడం కూడా తేలిక.

మాస్టర్ సిలిండర్ మాత్రం కొత్తది కొన్నాను. వాడిన బూస్టర్ కొనవచ్చు, వాడిన మాస్టర్ సిలిండర్ కొనకూడదన్నది నా సిద్ధాంతం. లోపలి రబ్బరు వాషర్లు ఎన్నేళ్లవో, గోడకు తుప్పు గీతలు ఎన్నున్నాయో బయటికి కనబడవు. భాయ్ "పాతదాన్ని కూడా పారేయకు బాబూ" అన్నాడు. ఎందుకని అడగాల్సింది.

మిగతావి: డిస్కుల జత, ప్యాడ్లు, వెనక షూలు, రెండు వీల్ సిలిండర్లు, హోసులు, డాట్ 4 ఆయిల్ అర లీటరు డబ్బాలు రెండు.

ఇంజిన్ శూన్యాన్ని బూస్టర్‌కు చేర్చే వాక్యూమ్ పైపు దగ్గర మోసపోయాను. ఒక దుకాణంలో "ఇదే సార్, అందరూ ఇదే వేస్తారు" అని మీటరు పైపు కోసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఒక కొన వేలితో మూసి, రెండో కొన నోటితో లాగితే బుగ్గలు అతుక్కున్నట్టు పైపు చదునుగా అతుక్కుపోయింది. అది పెట్రోలు పైపు, లోపలి నుంచి తోసే ఒత్తిడికి పనికొస్తుందిగాని లోపలికి లాగే ఒత్తిడికి కాదు. ఇంజిన్ వేడికి మెత్తబడి మూసుకుపోతే బూస్టర్ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. వాక్యూమ్‌కే తయారైన మందపాటి పైపు వేరే చోట దొరికింది.

మే 25, ఆదివారం

బూస్టర్ చూడటానికి గిన్నెలు రెండు బోర్లించి అతికించినట్టు ఉంటుంది. లోపల ఒక రబ్బరు పొర దాన్ని రెండు గదులుగా విడదీస్తుంది. ఇంజిన్ గాలి పీల్చే చోటి నుంచి ఒక పైపు వచ్చి రెండు గదుల్లోని గాలినీ లాగేస్తుంది. పెడల్ తొక్కగానే వెనక గదిలోకి బయటి గాలి వస్తుంది, ముందు గదిలో శూన్యం అలాగే ఉంటుంది. ఆ తేడాయే తోపు. మా డబ్బా వ్యాసం సుమారు 18 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం 250 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 0.6 కిలో తేడా వేసుకున్నా 150 కిలోలు. నాన్న కాలితో పాటు ఇద్దరు మనుషుల బరువు మాస్టర్ సిలిండర్‌ను తోస్తున్నట్టు. గాలికి ఇంత బలం ఉందని బడిలో చదివాను, నమ్మింది ఈ రోజే.

బిగింపులో శ్రమంతా డ్యాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకోవడంలోనే ఉంది. పాత మాస్టర్ సిలిండర్ తీసి, గోడకు బూస్టర్ బిగించి, దాని కడ్డీని పెడల్‌కు పిన్నుతో తగిలించి, పిన్నుకు కొత్త చీల వేశాను. ఆ చీల ఖరీదు రెండు రూపాయలు, ఊడితే బ్రేకే లేదు. మాస్టర్ సిలిండర్ అరచేతి వెడల్పు ముందుకు జరిగింది గనుక తెచ్చిన ఇనుప పైపులు పనికొచ్చాయి. పైపు నట్లకు మామూలు స్పానర్ వేయకూడదు, మూలలు అరిగి గుండ్రమైపోతాయి. చుట్టూ పట్టే ఫ్లేర్ స్పానర్ భాయ్ దగ్గర అరువు తెచ్చాను.

ఇంజిన్ గాలి పీల్చే మానిఫోల్డ్‌కు వాక్యూమ్ నిపుల్ బిగించాక స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఎగసిపడుతూ పలికింది. ఎక్కడో గాలి దూరుతోంది. క్లిప్పు ఒకటి వదులు. బిగించగానే సర్దుకుంది.

కొత్త డిస్కులు, ప్యాడ్లు, హోసులు, షూలు: ఒక్క వాక్యం చాలు, ఎక్కడా మొరాయించలేదు.

జూన్ 1, ఆదివారం

గాలి తీసే రోజు. నేను చక్రం దగ్గర, నాన్న పెడల్ మీద. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలు.

"తొక్కు." "తొక్కాను." "పట్టుకో." "పట్టుకున్నాను." నిపుల్ వదులు చేయడం, బుడగలు, నిపుల్ బిగించడం. "వదులు."

క్రమం చెడకూడదు: నిపుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. నాన్న రెండుసార్లు తీశాడు. రెండోసారి వీధిలో ఎవరో పలకరించారట. నిపుల్‌కు సన్నని గొట్టం తగిలించి, దాని కొనను ఆయిల్ ఉన్న సీసాలో ముంచి ఉంచాను గనుక పెద్ద నష్టం జరగలేదు. పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా అమ్మను కాపలా పెట్టాం. "కుంకుడుకాయ రసంలా ఉంది మీ నూనె" అంది. రంగు మారి తేనెలా తేలేసరికి దాదాపు ముప్పావు లీటరు పోయింది. బంపర్ మీద పడిన చుక్కలను వెంటనే నీళ్లతో కడిగాను, ఈ ఆయిల్ పెయింటును తినేస్తుంది.

బూస్టర్ పరీక్ష సులభం. ఇంజిన్ ఆపి ఐదుసార్లు తొక్కి, కాలు అలాగే అదిమి పట్టి, స్టార్ట్ చేయాలి. పెడల్ ఒక అంగుళం తనంతట తాను కిందికి దిగింది. నాన్న ఉలిక్కిపడి "ఎవరో లాగినట్టుందిరా" అన్నాడు.

సాయంత్రం ఏడు రోడ్ల కూడలి దాకా ఒక చుట్టు. వేలితో తాకితే ఆగినట్టుంది. నాలో గర్వం బాగా పెరిగిందని ఇక్కడే రాసుకోవాలి, ఎందుకంటే ఎర్రముక్కపల్లె దగ్గరికి వచ్చేసరికి బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కదలిక లేదు. ముందు చక్రాల నుంచి అదే ఘాట్ వాసన. పట్టిన బ్రేకు వదలడం లేదు.

పక్కకు ఆపి భాయ్‌కు ఫోను చేశాను. చూపు తగ్గినా ఫోనులోనే రోగం చూశాడు.

"మాస్టర్‌ను బూస్టర్‌కు పట్టిన రెండు నట్లు ఉన్నాయి కదా, నాలుగు చుట్లు వదులు చెయ్. చక్రం విడుదలైందా?"

విడుదలైంది. ముందు ప్యాడ్లు చిటుక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది.

"అయితే హోసులు కాదు, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ కాదు. కడ్డీ పొడుగైంది. పాత మాస్టర్ పారేయొద్దన్నది అందుకే."

నట్లు మళ్లీ బిగించి, చల్లారనిచ్చి, ఆగుతూ ఆగుతూ ఇల్లు చేరాను. ఆ వదలని బ్రేకుతో నడపడం కంటే తోసుకొచ్చి ఉంటే మేలు.

జూన్ 8, ఆదివారం

మాస్టర్ సిలిండర్‌లో సూది మొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. కాలు తీసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆ రంధ్రాన్ని తెరవాలి. వేడికి ఉబ్బిన ఆయిల్ దాని గుండానే పై డబ్బాలోకి వెళుతుంది. బూస్టర్ నుంచి మాస్టర్‌ను తోసే కడ్డీ ఒక్క మిల్లీమీటరు పొడుగై పిస్టన్‌ను కొద్దిగా ముందుకు తోసి ఉంచితే రంధ్రం మూసుకునే ఉంటుంది. ఉబ్బిన ఆయిల్‌కు దారి లేక ప్యాడ్లను నొక్కుతుంది, నొక్కితే ఇంకా వేడి, ఇంకా ఉబ్బు. నేను కొన్న కొత్త మాస్టర్ పిస్టన్ గుంత లోతు, బూస్టర్‌తో వచ్చిన పాతదాని లోతు ఒకటి కావు. నా సిద్ధాంతమే నా చక్రాలను పట్టుకుంది.

కొలవడానికి భాయ్ చెప్పిన ఉపాయం చపాతీ పిండి. చిన్న ఉండను పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పిస్టన్ గుంతలో పెట్టి, మాస్టర్ బిగించి, మళ్లీ విప్పి, పిండి ఎంత మందం మిగిలిందో చూడాలి. ప్లాస్టిక్ తప్పనిసరి, పిండి రేణువు లోపలికి పోకూడదు. మొదటిసారి ఉండ మధ్య కాగితాలు రెండూ అతుక్కుపోయాయి, సందు సున్నా. కడ్డీ కొనన ఉన్న మరను కొద్దిగా తిప్పాను, పావు మిల్లీమీటరు సందు. ఇంకొంచెం తిప్పాను. మూడో ఉండకు అర మిల్లీమీటరు తేలింది. అక్కడ ఆపాను. ఎక్కువ వదిలితే పెడల్ పైభాగంలో ఉత్త ఆట ఎక్కువవుతుంది. "నాలుగో ఉండ కావాలా, చపాతీలు చేసుకోనా?" అని వంటింట్లోంచి అమ్మ.

మళ్లీ గాలి తీత. ఈసారి నాన్న ఎవరినీ పలకరించలేదు.

జూన్ 15, ఆదివారం

కొత్త ప్యాడ్లను ఖాళీ రోడ్డు మీద యాభై నుంచి పది కిలోమీటర్ల వేగానికి పదిసార్లు తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ డిస్కులకు కుదురుకునేలా చేశాను. తర్వాత ఒక మైదానంలో, నిన్నటి వాన తడి ఉండగా, గట్టిగా తొక్కి చూశాను. తమ్ముడు పక్కన నిలబడి ఏ చక్రం ముందు పట్టేస్తుందో చూశాడు. ముందువే ముందు పట్టాయి. వెనకవి ముందు పట్టేస్తే బండి బొంగరంలా తిరుగుతుంది. బూస్టర్ అన్ని చక్రాలకూ బలం పెంచుతుంది గనుక ఈ పరీక్ష చేయకుండా వదలకూడదు.

అసలు పరీక్ష ఇంటికి వచ్చాక. నాన్నను సీటులో కూర్చోబెట్టి ఇంజిన్ ఆపించాను.

"ఇప్పుడు తొక్కు నాన్నా."

మొదటిది మెత్తగా దిగింది. రెండోది కొంచెం గట్టి. మూడోది ఇంకా గట్టి. నాలుగోది రాయి. పాత బ్రేకు కంటే గట్టి.

నేనేమీ చెప్పలేదు. ఆయనే ఇంకో రెండుసార్లు తొక్కి చూశాడు, ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ తొక్కాడు, ఆపి మళ్లీ తొక్కాడు. లోపల మిగిలిన శూన్యం రెండు మూడు తొక్కుళ్లకే సరి. "అంటే ఘాట్‌లో ఆపకూడదంటావు" అన్నాడు చివరికి. పెట్రోలు ఎంత ఖర్చవుతుందో లెక్క వేయబోయాడుగాని మధ్యలో వదిలేశాడు.

జూన్ 22, ఆదివారం

గువ్వలచెరువు. అదే బండి, మనుషులు నలుగురు. రాయచోటి వెళ్లే పని ఏమీ లేదు, కోవా మాత్రమే పని. కొని, డ్యాష్‌బోర్డు మీద పెట్టి, దిగడం మొదలు. నాన్నే నడిపాడు. మొత్తం రెండో గేరు. ఇంజిన్ గోల పెడుతుంటే ఆయన ముఖం చూడాలి, సొంత డబ్బు కళ్ల ముందే కాలిపోతున్నట్టు.

తొక్కడం మాత్రం మారింది. మలుపుకు ముందు ఒక్కసారి గట్టిగా, తర్వాత కాలు పూర్తిగా తీసేయడం. నేను చెప్పలేదు. పెడల్ తేలిక కావడంతో పాత పద్ధతి తిరిగి వచ్చినట్టుంది.

ఒక మలుపులో మేకల మంద. నాన్న అలవాటైన బలంతోనే తొక్కాడు. బండి నేలకు అతుక్కున్నట్టు ఆగింది. కోవా పొట్లం ముందు అద్దానికి కొట్టుకుని, వెనక్కి ఎగిరి ఆయన కాళ్ల దగ్గర పడింది. ఇకపై డ్యాష్‌బోర్డు మీద ఏమీ పెట్టకూడదు, పెడల్ కిందికి దొర్లితే కథ మారిపోతుంది.

"ఇంతగా పట్టాల్సిన పని లేదురా" అన్నాడు.

కింద ఆగి చక్రాల సందుల్లోంచి డిస్కుల మీద ఒక్కో చుక్క నీళ్లు వేశాను. ముందు రెండూ సుయ్‌మన్నాయి, రెండూ ఒకేలా. వెనక ఎడమ డ్రమ్ము, కుడి డ్రమ్ము సమానంగా వెచ్చగా ఉన్నాయి. పెడల్ పైనే ఉంది. డబ్బాలో ఆయిల్ గీత కదలలేదు.

మిగిలిన పని: హ్యాండ్ బ్రేకు తీగ సాగింది, ఏడో క్లిక్కు దాకా ఎత్తితేగాని పట్టడం లేదు. వచ్చే ఆదివారం. చీలిన బండ మార్చాలని అమ్మ గుర్తు చేసింది. మోకాలి గురించి నాన్న దారంతా ఒక్క మాట అనలేదు. నలిగిన కోవా మాత్రం తనే తింటానని పట్టుబట్టాడు.